నడచిన దూరము, బ్రతికిన తీరు
డయాలిసిస్ రోగుల వ్యాయామముపై మూడు పరిశోధనల విమర్శ

వ్యాయామము చేసినచో డయాలిసిస్ రోగుల జీవన నాణ్యత పెరుగునను మాట ఆసుపత్రుల కరపత్రములలోను, ఆరోగ్య వ్యాసములలోను తరచుగా కనబడుచున్నది. వినుటకు ఇంపైన మాట. కాదనుటకు ఎవరికిని మనసొప్పదు. అయితే ఆ చిన్న వాక్యములో తేల్చవలసిన సంగతులు చాలనున్నవి. ఎట్టి వ్యాయామము? ఎట్టి రోగి? నాణ్యతను ఏ కొలబద్దతో కొలిచిరి? వీనికి సమాధానము తెలియనిదే ఆ వాక్యము నిజమో కాదో చెప్పుటకు వీలులేదు. 2017 మొదలు 2023 వరకు ఐరోపాలో వెలువడిన మూడు పెద్ద పరిశోధనలు ఈ విషయమును చేపట్టినవి. వాని ఫలితములు ఒకదానితోనొకటి పూర్తిగా పొసగవు. అందుచేతనే వానిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట లాభకరము.

ముందుగా రోగి స్థితిని గ్రహింపవలెను. ఆరోగ్యవంతుని మూత్రపిండములు వారమునకు 168 గంటలును విరామము లేక పనిచేయును. అవి పూర్తిగా చెడినవానికి యంత్రము వారమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు సుమారు నాలుగు గంటల చొప్పున, మొత్తము 12 గంటలు మాత్రము ఆ పని చేసిపెట్టును. తక్కిన 156 గంటలును మలినములు, నీరు, పొటాసియము శరీరములో చేరుచునే యుండును. రెండు మూడు దినములుగా చేరిన నీటిని నాలుగు గంటలలో లాగివేయుటవలన రక్తపుపోటు పడిపోవచ్చును, పిక్కలు పట్టుకొనవచ్చును. ఇంటికి చేరిన రోగి ఆ దినమంతయు మంచము దిగలేకపోవుట సామాన్యముగా జరుగుచుండును. ఇట్టి మనిషితో వ్యాయామము చేయుమని చెప్పుచున్నామను సంగతి మరువరాదు.

నెదర్లాండ్స్ దేశములోని కాంపెన్ పట్టణమున 1943లో విలెమ్ కోల్ఫ్ అను వైద్యుడు మాంసపు సాసేజీలకు తొడుగు సెల్లోఫేను గొట్టమును కొయ్యపలకల పీపాకు చుట్టి కృత్రిమ మూత్రపిండమును తయారుచేసెను. అది మూత్రపిండములు తాత్కాలికముగా పనిమానినవారిని గట్టెక్కించుటకు ఉద్దేశింపబడినది. శాశ్వతముగా చెడినవారిని ఏండ్ల తరబడి నిలుపుట, 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతి రక్తనాళములలో టెఫ్లాను గొట్టములను అమర్చిన నాటినుండి సాధ్యమయ్యెను. ఆయన మొదటి రోగియగు క్లైడ్ షీల్డ్స్ అను యంత్రకార్మికుడు ఆ తరువాత 11 సంవత్సరములు జీవించెను. యంత్రములు కొద్ది, రోగులు పెక్కుమంది. ఎవరిని చేర్చుకొనవలెనో నిర్ణయించుటకు ఆ నగరములో పౌరుల సంఘమొకటి కూర్చుండెడిది. నాటి ప్రశ్న ఎవరు బ్రతుకుదురు అనునది. 1972లో అమెరికా ప్రభుత్వము చట్టముచేసి ఖర్చు భరించుటకు పూనుకొనిన పిమ్మట ప్రశ్న మారినది: బ్రతికినవారు ఎట్లు బ్రతుకుచున్నారు? 1981లో గట్‌మన్, ఆయన సహచరులు అమెరికాలో రెండువేలకు పైగా డయాలిసిస్ రోగుల స్థితిని విచారించి ఒక లెక్క ప్రకటించిరి. మధుమేహము లేనివారిలో 60 శాతము, ఉన్నవారిలో 23 శాతము మాత్రమే తమ ఒంటిపనులకు మించి ఏ పనియైనను చేయగలిగియుండిరి. ప్రాణము నిలిచినది గాని కాళ్లలో సత్తువ నిలువలేదు.

సత్తువ తగ్గుటకు కారణమొకటి కాదు. చెడిన మూత్రపిండము ఎరిత్రోపొయటిన్ అను హార్మోనును తగినంత తయారుచేయజాలదు. దానివలన రక్తహీనత కలుగును. రక్తములో ఆమ్లము పెరుగుటవలన కండరముల మాంసకృత్తులు త్వరగా విరిగిపోవును. పథ్యము పేర తిండి తగ్గును. కదలిక తగ్గినకొలది కండరము క్షీణించును, కండరము క్షీణించినకొలది కదలిక మరింత తగ్గును. 1989లో అమెరికాలో ఎరిత్రోపొయటిన్ మందుగా అనుమతి పొందినప్పుడు రోగుల ఆయాసము తీరిపోవునని పలువురు ఆశించిరి. రక్తహీనత చాలవరకు సర్దుకొన్నది. కాని పరుగుబల్లపై రోగి వినియోగించుకొనగల ఆక్సిజను ఆశించినంతగా పెరుగలేదు. ఊపిరితిత్తులనుండి ఆక్సిజనును మోయు బండ్లు పెరిగినను, దానిని దించుకొని వాడుకొనవలసిన కండరమే బలహీనముగా నుండుట ఇందుకు ముఖ్యకారణము. వ్యాయామమును చికిత్సగా భావించుటకు శాస్త్రీయమైన ఆధారము ఇక్కడ లభించుచున్నది. కండరమును బాగుచేయు మాత్ర ఏదియు లేదు. దానికి పని కల్పింపవలసినదే.

మూడు పరిశోధనలలో మొదటిది ఇటలీ దేశమునకు సంబంధించినది. ఫెర్రారా విశ్వవిద్యాలయపు ఫాబియో మాన్‌ఫ్రెదీని, ఆయన సహచరులు దానిని 2017లో ప్రకటించిరి. 296 మంది రోగులను చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేసిరి. 151 మంది నడకజట్టు, 145 మంది మామూలు చికిత్స మాత్రమే పొందు పోలికజట్టు. నడకజట్టువారు డయాలిసిస్ లేని దినములలో, ఇంటియొద్ద, పది నిమిషముల చొప్పున రెండు పర్యాయములు నడువవలెను. నిమిషమునకు ఎన్ని అడుగులు వేయవలెనో రోగి శక్తినిబట్టి నిర్ణయించిరి. సంగీత విద్యార్థులు లయకొరకు వాడు మెట్రోనోము టిక్కుటిక్కుమనుచుండగా దాని ప్రకారము అడుగు వేయవలెను. మొదట రోగికి అలవాటైన వేగముకంటె తక్కువగా ప్రారంభించి వారములు గడచినకొలది కొంచెము కొంచెముగా పెంచిరి. ఆరు నెలలపాటు ఇట్లు జరిగినది. వ్యాయామశాల లేదు, సైకిలు లేదు, శిక్షకుడు వెంట నుండడు. డయాలిసిస్ కేంద్రపు సిబ్బందియే మాటసహాయము చేసిరి. ఇంత నిరాడంబరమైన చికిత్సను ఇంత శ్రద్ధగా పరీక్షించుట మెచ్చదగినది.

ఫలితమును ఆరు నిమిషముల నడక అను పరీక్షతో కొలిచిరి. నడకజట్టువారు మొదట సగటున 328 మీటర్లు నడచిరి. ఆరు నెలల తరువాత 367 మీటర్లు. పోలికజట్టువారు 321 నుండి 324కు వచ్చిరి. అనగా ఒకరికి 39 మీటర్లు, మరియొకరికి 3 మీటర్లు లాభము. కుర్చీలోనుండి ఐదుమార్లు లేచి కూర్చుండుటకు పట్టు కాలము నడకజట్టులో 20.5 సెకండ్లనుండి 18.2 సెకండ్లకు తగ్గినది. ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ పాఠశాల వరండాలో 30 మీటర్లు కొలిచి, ఆ చివరనుండి ఈ చివరకు ఆరు నిమిషములు నడచి చూచినచో 328 మీటర్లు ఎంత తక్కువో వారి కాళ్లకే తెలియును. చురుకుగా నడచు బాలునికి అందులో సగము కాలము కంటె కొంచెము ఎక్కువ చాలును. అట్టి రోగికి 39 మీటర్లు పెరుగుట చిన్న సంగతి కాదు. వీధి దాటుటకు, పెరటిలోనికి పోయి వచ్చుటకు అది పనికివచ్చును.

మరి జీవన నాణ్యత సంగతి యేమి? పరిశోధకులు దీనిని ఒక పెద్ద ప్రశ్నావళితో కొలిచిరి. అందులో మూత్రపిండ రోగమునకు సంబంధించిన భాగములు 11, సామాన్యారోగ్యమునకు సంబంధించినవి 8. వీనిలో నడకజట్టునకు గణనీయమైన మేలు జరిగినట్లు రచయితలు ముందుకు తెచ్చినవి రెండు: ఆలోచన, జ్ఞాపకశక్తి మొదలగు మనోవ్యాపారములకు సంబంధించినది ఒకటి, ఇరుగుపొరుగుతో మెలగుటకు సంబంధించినది రెండవది. నడచినది కాళ్లు, మార్కులు పెరిగినది మనసుకు, మాటామంతికి! ఇది అసంభవమని చెప్పరాదు. ఇల్లు విడిచి నాలుగడుగులు వేయువాడు నలుగురిని కలియును. అయినను జాగ్రత్త అవసరము. ఏ ప్రభావమును లేకున్నను, ఇరువది అంశములను విడివిడిగా పరీక్షించినచో, అందులో ఒకటి అదృష్టవశమున గణనీయమైనట్లు కనబడవచ్చునని సంభావ్యతా గణితము చెప్పును. ఒక నాణెమును పదేపదే ఎగురవేయుచున్నచో ఎప్పుడో యొకప్పుడు వరుసగా ఐదు బొమ్మలు పడును. అందుచేత ఆ నాణెము మహిమగలదని ఎవరును అనరు. పందొమ్మిది భాగములలో రెండింటిని పట్టుకొని జీవన నాణ్యత పెరిగినదని చెప్పుట, ఒక విద్యార్థి రెండు పాఠములలో మాత్రము బాగుగా వ్రాసినందుకు తరగతి దాటించినట్లుండును.

మరియొక లోపము ఇంతకంటె ముఖ్యమైనది. ఆరు నెలల చివర మరల పరీక్షకు వచ్చినవారు నడకజట్టులో 104 మంది, పోలికజట్టులో 123 మంది. 151 మందిలో 47 మంది, అనగా దాదాపు మూడవవంతు, లెక్కలోనుండి తప్పిపోయిరి; పోలికజట్టులో తప్పిపోయినవారు 22 మందే. నడువలేకనో, విసుగుచెందియో, జబ్బు ముదిరియో మానినవారు కొందరైనను వీరిలో నుండకపోరు. మిగిలినవారు సహజముగా ఓపికగలవారు. ఓపికగలవారి సగటు ఎక్కువగా నుండుట వింతకాదు. పరీక్షకు హాజరైనవారి మార్కులను మాత్రము సగటు కట్టి ఉపాధ్యాయుడు తన పాఠమును మెచ్చుకొనరాదు గదా.

బ్రిటనులో షార్లీన్ గ్రీన్‌వుడ్ మొదలగువారు 2021లో ప్రకటించిన పరిశోధన ఇందుకు భిన్నమైనది. ఇటలీవారు ముందు నడకను కొలిచి, జీవన నాణ్యతను దానివెంట కొలిచిరి. బ్రిటనువారు జీవన నాణ్యతనే, అందులోను శరీరమునకు సంబంధించిన మొత్తము మార్కునే, ముఖ్యమైన గురిగా ముందే ప్రకటించిరి. ఇది నిజాయితీగల పద్ధతి. బాణము తగిలినచోట తరువాత గురి గీయుటకు అవకాశముండదు. రోగులు డయాలిసిస్ జరుగుచుండగనే మంచముపైనో కుర్చీలోనో కాళ్లతో సైకిలు త్రొక్కవలెను. 379 మందితో ప్రారంభించిరి. మొదటి కొలతలు పూర్తియగునప్పటికి 335 మంది మిగిలిరి. ఆరు నెలల కొలతవరకు నిలిచినవారు 243 మంది. వ్యాయామజట్టునకు, పోలికజట్టునకు మధ్య తేడా 2.4 మార్కులు. ఈ తేడా నిజముగా 0.1 నష్టమునుండి 4.8 లాభమువరకు ఎక్కడైనను ఉండవచ్చునని గణితము చెప్పెను. నష్టమేమో లాభమేమో చెప్పలేని అంకెను లాభమని వ్రాయుటకు శాస్త్రము అంగీకరింపదు. వారును అట్లు వ్రాయలేదు. రోగుల గరిష్ఠ ఆక్సిజను వినియోగము కూడ పెరుగలేదు.

ఈ ఫలితమునుబట్టి వ్యాయామము వ్యర్థమని తేల్చువారు ఆ పత్రములోని మరి రెండు అంకెలను చదువలేదన్నమాట. ఏర్పరచిన వ్యాయామమునకు రోగుల హాజరు 47 శాతము. విధించిన మోతాదు ప్రకారము పాటించుట 18 శాతము మాత్రమే. డబ్బాలోని మాత్రలలో సగముకంటె ఎక్కువ మ్రింగకుండ పారవేసి, మందు పనిచేయలేదని అన్నట్లున్నది. కాని దీనికి మరియొక ప్రక్క కూడ కలదు. రోగులలో అధికసంఖ్యాకులు పాటింపలేని చికిత్స, దాని గుణము ఎంత గొప్పదైనను, ఆచరణలో మంచి చికిత్స కాదు. చేదు మందును మ్రింగలేని పిల్లవానిని నిందించుట సులభము. మందును మ్రింగదగినట్లు చేయుట వైద్యుని పని. కాబట్టి బ్రిటను పరిశోధన వ్యాయామమునుగూర్చి తేల్చినది కొంచెము. ఆసుపత్రిలో వ్యాయామమును నడిపించుటలోగల కష్టమునుగూర్చి తేల్చినది చాల. ఈ కష్టమును దాచక అంకెలతో సహా ప్రకటించినందుకు ఆ రచయితలు ప్రశంసింపదగినవారు. విఫలమైనదని పేరుపడిన ఈ పత్రమే మూడింటిలోను ఉపాధ్యాయుడు తరగతిలో చదివింపదగినది.

జర్మనీవారు ఈ కష్టమునే ముందుగా పట్టించుకొనిరి. 21 కేంద్రములలో 1,211 మందిని చేర్చుకొని, రోగులను ఒక్కొక్కరినిగాక గుంపులుగుంపులుగా చీట్లు వేసి విభజించిరి. ఇందులో ఒక యుక్తి కలదు. ప్రక్కమంచమువాడు సైకిలు త్రొక్కుచుండగా చూచి తానును కాలు కదపని రోగియుండడు. అప్పుడు పోలికజట్టు పోలికకు పనికిరాదు. డయాలిసిస్ సమయములో శిక్షణపొందినవారి పర్యవేక్షణలో అరగంట సైకిలు, అరగంట కండరములకు బలము కలిగించు కసరత్తు, వారమునకు మూడుమార్లు, ఒక సంవత్సరము సాగినది. 2023లో ప్రకటించిన ఫలితములలో 917 మంది లెక్కకు వచ్చిరి. ఒక నిమిషములో కుర్చీలోనుండి ఎన్నిమార్లు లేవగలరను పరీక్షలో వ్యాయామజట్టు 16.2 నుండి 19.2కు పెరిగెను; పోలికజట్టు 16.2 నుండి 14.7కు తగ్గెను. రెండవ అంకె మొదటిదానికంటె ఎక్కువ చెప్పుచున్నది. ఏమియు చేయక యున్నచో రోగి ఉన్నచోటనే ఉండడు, సంవత్సరమునకు మెట్టు దిగిపోవును. వ్యాయామమువలని మేలులో సుమారు మూడవవంతు ఎక్కుట కాదు, దిగకుండుట. మరణముల సంఖ్యలో మాత్రము రెండు జట్లకును తేడా కనబడలేదు.

ఈ జర్మను ఫలితము గట్టిది. అయితే అది కుర్చీనుండి లేచుటకు సంబంధించిన ఫలితమని జ్ఞాపకముంచుకొనవలెను. లేవగలిగినవాడు సుఖముగా నున్నాడని చెప్పుటకు మరియొక సాక్ష్యము కావలెను. ఇక్కడ కొలబద్దను పరీక్షింపవలసియున్నది.

బరువును త్రాసుతోను, జ్వరమును ధర్మామీటరుతోను కొలిచినట్లు జీవన నాణ్యతను కొలుచు పరికరము లేదు. రోగినే అడుగవలెను. 1992లో అమెరికాలో జాన్ వేర్ మొదలగువారు 36 ప్రశ్నల పట్టికనొకదానిని ప్రకటించిరి. 1994లో రాన్ హేస్ మొదలగువారు మూత్రపిండ రోగులకు తగిన ప్రశ్నలను దానికి చేర్చిరి. ఇటలీ, బ్రిటను పరిశోధనలు వాడినది ఈ పట్టికనే. జవాబులను కలిపి, అమెరికా జనసామాన్యపు సగటు 50 వచ్చునట్లు శరీరమునకొకటి మనసుకొకటి మార్కులు కట్టెదరు. డయాలిసిస్ రోగులకు శరీరపు మార్కు సామాన్యముగా ముప్పదులలో నుండును. ప్రశ్నావళిలో దోషము లేదు. రోగి మాటకు అంకె నిచ్చిన మొదటి ప్రయత్నములలో అది గౌరవింపదగినది. కాని అందులోని ప్రశ్నలు ఏ దేశపు ఇంటివో చూడవలెను. ఒక మోస్తరు శ్రమగల పనులకు ఉదాహరణలుగా బల్లను జరుపుట, విద్యుత్తుతో దుమ్ము పీల్చు యంత్రమును నెట్టుట, బౌలింగు, గోల్ఫు ఆటలు మూలములో చెప్పబడినవి. బిందెతో నీరు మోయుట, నేలపై కూర్చుండి లేచుట, బస్సు మెట్టెక్కుట అందులో లేవు. అందుచేతనే ఇతర భాషలవారు తమతమ దేశములకు దానిని మార్చుకొనవలసి వచ్చినది. మాటకు మాట తెనిగించినంతమాత్రమున అది తెలుగు రోగికి కొలబద్ద కాదు.

ఇంకొక చిక్కు కలదు. మాత్రను పరీక్షించునప్పుడు అటువంటిదే చక్కెర మాత్రను పోలికజట్టునకిచ్చి, ఎవరికి ఏది ఇచ్చినదియు రోగికి తెలియకుండ దాచవచ్చును. సైకిలు త్రొక్కుటను దాచుట ఎట్లు? తాను చికిత్స పొందుచున్నానని రోగికి తెలియును. తనను వారమునకు మూడుమార్లు పలుకరించి ఉత్సాహపరచినవారియెడ కృతజ్ఞతయు నుండును. ఎట్లున్నావని అడిగినప్పుడు ఆ కృతజ్ఞత జవాబులోనికి వచ్చును. కుర్చీనుండి లేచు పరీక్షలో ఈ ప్రమాదము కొంత తక్కువ. ప్రశ్నావళిలో చాల ఎక్కువ.

రోగులను నిజముగా బాధించున దేమి? డయాలిసిస్ పరిశోధనలలో ఏ ఫలితములను తప్పక కొలువవలెనో నిర్ణయించుటకు పలుదేశముల రోగులను, వారి కుటుంబములవారిని, వైద్యులను సంప్రతించిన ప్రయత్నమొకటి ఇటీవలి సంవత్సరములలో జరిగినది. దానిలో మరణము, గుండెజబ్బులు, రక్తనాళపు అమరిక అనువానితో సమానముగా నిలిచిన నాలుగవ అంశము నిస్త్రాణ, అనగా ఒడలు తేలిపోవునట్టి అలసట. ఇది వైద్యుల పట్టికలలో చాలకాలము అడుగున నుండినది. 39 మీటర్లు ఎక్కువ నడచిన రోగి సాయంకాలము తన పిల్లలతో కూర్చుండి మాటలాడుటకు ఓపిక మిగిలియున్నదా అను ప్రశ్నకు నడక పరీక్ష జవాబు చెప్పదు. 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 89 పరిశోధనలను, నాలుగువేలకు పైగా రోగులను ఒకచోట చేర్చి చూచినది. వ్యాయామమువలన దిగులు బహుశః తగ్గును, అదియు నాలుగు నెలలకు మించి సాగించినప్పుడు; పనిచేయు సామర్థ్యము బహుశః పెరుగును; మరణమును, గుండెజబ్బును తప్పించునో లేదో చెప్పలేము. తొంబదికి దగ్గరగా పరిశోధనలు జరిగిన తరువాత కూడ బహుశః అను మాట తొలగలేదు. వానిలో చాల భాగము చిన్నవి, కొద్ది నెలలవి. హాని ఏమైన జరిగినదో లేదో సరిగా వ్రాయనివి కూడ కలవు.

హాని మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. డయాలిసిస్ సమయములో కసరత్తు చేయించువారు సాధారణముగా మొదటి రెండు గంటలలోనే చేయింతురు. తరువాత నీరు తగ్గి రక్తపుపోటు పడిపోవు ప్రమాదమెక్కువ. సూదులు గ్రుచ్చిన చేయి కదలరాదు. గుండెనొప్పి కుదుటపడనివారు, రక్తపుపోటు అదుపులో లేనివారు, పొటాసియము హెచ్చినవారు, ఒంట నీరు చేరి ఆయాసపడుచున్నవారు ఆ దినమున మానవలసినదే. చుట్టమెవరికైన జబ్బు చేసినప్పుడు పత్రికలో చదివిన కసరత్తును బలవంతముగా చేయించుట తెలుగు ఇండ్లలో అపురూపము కాదు. ఈ రోగులయెడ అది ప్రమాదకరము. రోగిని చూచుచున్న వైద్యుడు సరేయన్న తరువాతనే అడుగు వేయవలెను.

మూడు పరిశోధనలును వారమునకు మూడుమార్లు డయాలిసిస్ సాధారణమైన సంపన్న దేశములలో జరిగినవి. భారతదేశములో వారమునకు రెండుమార్లతో సరిపెట్టుకొను రోగులు చాలమంది. 2016లో కేంద్ర ప్రభుత్వము జాతీయ డయాలిసిస్ కార్యక్రమమును ప్రకటించిన తరువాత జిల్లా ఆసుపత్రులలో బీదలకు ఉచిత చికిత్స విస్తరించినది; అయినను దూరప్రయాణము, కూలి నష్టము రోగి నెత్తిమీదనే యున్నవి. వారమునకు రెండుమార్లయినచో మధ్య విరామము మూడు నాలుగు దినములు. చేరు నీరును, పొటాసియమును అధికము. డయాలిసిస్ లేని దినమున నడువుమను ఇటాలియను పద్ధతిని అట్టి రోగికి యథాతథముగా అప్పగింపరాదు. విరామపు చివరిదినము నడక మొదటిదినము నడకవంటిది కాదు. ఈ తేడాను పై పరిశోధనలలో ఏదియు పరీక్షింపలేదు. పరీక్షింపవలసిన అవసరము వారికి లేదు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో ఈ ప్రశ్న పుస్తకములలోనిది కాదు. కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలముల కొబ్బరితోటల, జీడితోటల నడుమ మూత్రపిండ వ్యాధి ఏండ్ల తరబడి వ్యాపించియున్నది. దానికి నిశ్చితమైన కారణము ఇంకను తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. అక్కడి రోగులలో పెక్కుమంది ఎండలో కాయకష్టము చేసినవారు. వారికి వ్యాయామము లోపించుటవలన జబ్బు రాలేదు. కూలిపని చేసి చేసి జబ్బుపడినవానితో కసరత్తు మంచిదని చెప్పునప్పుడు ఆ మాట వాని చెవికి ఎట్లు వినబడునో ఐరోపా పత్రములు చెప్పజాలవు. అయినను పని మానిన తరువాత మంచమునకు అంటుకొనిపోయిన కండరము ఇటలీలో క్షీణించినట్లే సోంపేటలోను క్షీణించును. కండరమునకు దేశభేదము లేదు.

కాబట్టి అక్కడ పరీక్షింపదగినది బ్రిటనువారి సైకిలుకంటె ఇటలీవారి నడక. ఖర్చు తక్కువ, సామగ్రి లేదు, డయాలిసిస్ సిబ్బందియే నడిపింపగలరు. కొన్ని మార్పులు తప్పవు. ఎండ ఎక్కకముందు నడకవేళ నిర్ణయింపవలెను. దాహమువలన ఎక్కువ నీరు త్రాగినచో రోగికి ప్రమాదము గనుక ఈ నియమము ఇటలీలో కంటె ఇక్కడ ముఖ్యము. విరామపు మొదటిదినములకు, చివరిదినమునకు వేర్వేరు మోతాదు ఉండవలెను. మధ్యలో మానినవారు ఎందుకు మానిరో ఇంటికి పోయి అడిగి వ్రాసికొనవలెను. ఇటలీ పత్రములోని ఆ 47 మంది సంగతివలె మరుగునపడరాదు. ప్రశ్నావళిలో గోల్ఫు, బౌలింగు స్థానమున బావినుండి నీరు తోడుట, నేలపై భోజనమునకు కూర్చుండి లేచుట, తోటవరకు పోయి వచ్చుట ఉండవలెను. నిస్త్రాణనుగూర్చిన ప్రశ్న చివరి పుటలో కాక మొదటి పుటలో నుండవలెను. డయాలిసిస్ అయిన సాయంకాలము ఒకమారు, మరునాటి ఉదయము ఒకమారు అడిగినచో మరియు మంచిది. ఈ రెండు సమయములలో ఒకే రోగి ఇచ్చు జవాబులు ఒకటిగా నుండవు.